మెడదాకా పెట్రోల్

మా కారులో పెట్రోల్ వాసన వస్తోందని మొదట కనిపెట్టింది నేను కాదు, ఎవరో కొత్త పెళ్లికూతురు. పోయిన ఏడు, హోలీ రెండు రోజులుందనగా, రుద్రూర్ నుంచి నిజామాబాద్‌కు కిరాయి. ఎడపల్లి దాటకముందే ఆ పిల్ల కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, కారు ఆపించి, రోడ్డు పక్కన కూర్చుని కక్కుకుందట. దిగేటప్పుడు వాళ్ల మేనమామ, "గిది కారా, పెట్రోల్ డబ్బానా అన్నా?" అని అడిగాడట. ఇంటికొచ్చి ఆ మాట చెప్పేటప్పుడు మా ఆయన మొహం చూడాలి. తనను ఏమన్నా పడతాడు గానీ, కారును అంటే పడడు.

బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ మూతబడి పని పోయాక ఆయన ఆ కారునే నమ్ముకున్నాడు. పాత వ్యాగన్ఆర్, తెల్లది. పొద్దున లేస్తే నా మొహం చూడడు, దాని అద్దాలు తుడుస్తాడు. నేను అంగన్‌వాడీ టీచర్ని. నా పేరు సుకన్య. ఆయన పేరు రాజారాం. ఇప్పుడు రాస్తున్నాను కాబట్టి చెప్తున్నాను గానీ, ఈ పేరు నేను నోటితో ఎన్నడూ అనలేదు.

మా దిక్కు ఆడవాళ్లం మొగుణ్ని పేరు పెట్టి పిలవం. పిల్లలు పుట్టాక వాళ్ల పేరు ముందు తగిలించి పిలుస్తాం. మాకు ఒక్కతే బిడ్డ, రుచిత. దానికి నేను అవ్వను, ఆయన బాపు. ఇరవై రెండేళ్లు ఆయన్ని "రుచిత బాపూ" అనే పిలిచాను. అన్నానికైనా అదే, కొట్లాటకైనా అదే. ఈ వాసన గొడవకు రెండేళ్ల ముందు ఆ పిలుపు పోయింది. రుచిత నిజామాబాద్‌లో డిగ్రీ చదువుతూ గజానన్ అనే మరాఠీ పిల్లవాణ్ని ఇష్టపడింది. మాకు చెప్పకుండా పెళ్లి చేసుకుని, మంజీర అవతల బిలోలికి కాపురానికి పోయింది. కబురు తెలిసిన రోజు మా ఆయన నా చెయ్యి పట్టి లాగి తన నెత్తి మీద పెట్టుకున్నాడు.

"దాని పేరు ఈ ఇంట్ల ఎత్తొద్దు. దాని గడప తొక్కొద్దు. తొక్కినవా, నా పీనుగను తొక్కినట్టే. ఒట్టు పెట్టు" అన్నాడు.

పెట్టాను. ఏడ్చుకుంటూ పెట్టాను, కానీ పెట్టాను. నెత్తి మీద చెయ్యి పెట్టి వేసిన ఒట్టంటే మాకు ఉత్త మాట కాదు. తప్పితే ఆ నెత్తి ఉండదని భయం. ఫోన్ నంబరు కూడా ఆయనే మార్పించాడు. అప్పట్నుంచి ఆయన్ని పిలవడానికి నా దగ్గర పేరు లేదు. "ఇగో", "ఏమయ్యా", "అన్నం పెట్టిన". మా సంసారం ఆ మూడు మాటల మీదనే నడిచింది.

బిడ్డ మీద బెంగ ఉండేది. ఉండేది అంటే ఏం లాభం, రోజంతా అదే ఉండేది. నెలనెలా సెంటర్‌లో చంటిపిల్లల బరువు తూస్తాను. ఒక్కొక్కర్ని తక్కెడ జోలెలో కూర్చోబెట్టినప్పుడల్లా రుచిత గుర్తొచ్చేది. తిన్నదో లేదో, ఎవరితో మాట్లాడుతుందో, ఆ మరాఠీ అత్త ఎట్లా చూస్తుందో. బిలోలి ఎంత దూరం? మా ఇంటి నుంచి బస్సెక్కితే గంట కూడా పట్టదు. ఆ గంట నాకు రెండేళ్లయింది.

సరే, వాసన సంగతి.

మెకానిక్ భూమేష్ షెడ్డు ఆచన్‌పల్లి దారిలో ఉంది. ముప్పై అయిదేళ్లవాడు, నోరు ఊరుకోదు, కానీ చెయ్యి మంచిది. మా ఆయన నన్ను కూడా షెడ్డుకు ఎందుకు తీసుకుపోయాడంటే, తనకు వాసనే తెలియడం లేదు. "ఏడుంది వాసన? మీ అందరి ముక్కులకు ఏమో అయింది" అంటాడు.

"డ్రైవర్ సీట్ల కూసునేటోనికి అలవాటైపోతదన్నా. నీ ముక్కును నమ్మద్దు. అక్కా, నువ్వు ఎనక కూసో. ఏ మూల ఎక్కువస్తుందో సెప్పు" అన్నాడు భూమేష్.

ముందు బానెట్ ఎత్తి ఇంజన్ మీద ముక్కు పెట్టి వాసన చూశాడు. అక్కడ లేదు. కారు కింద దూరి పైపులన్నీ చేత్తో తడిమాడు. ఎక్కడా తడి లేదు. వెనక సీటు ఎత్తేసి, దాని కింద ట్యాంకు మూత విప్పాడు. రబ్బరు సీల్ ఒకచోట పగిలి ఉంది. దాన్ని వేలికి తగిలించుకుని, దొంగను పట్టుకొచ్చినట్టు మాకు చూపించాడు.

"దొరికిందక్కా! సీల్ మార్సిన. ఇగ వాసన వస్తే నా పేరు మార్సు."

నిజంగానే రాలేదు. ఒక వారం రాలేదు, రెండో వారం రాలేదు, మూడో వారం కూడా రాలేదు. ఉగాది పచ్చడి ఒక డబ్బాలో పోసి భూమేష్‌కు పంపించాను. కానీ ఆ మూడు వారాలు మా ఆయన మనిషిలా లేడు. కారు కడగడం మానేశాడు. అన్నం ముందు కూర్చుని, కలిపి, లేచిపోయేవాడు. ఎండదెబ్బేమోనని ఉల్లిగడ్డ రసం అరికాళ్లకు రాశాను. రాయించుకున్నాడు.

నాలుగో వారం ఒక సాయంత్రం ఈల వేసుకుంటూ ఇంటికొచ్చాడు. రెండు రొట్టెలు ఎక్కువ తిన్నాడు. కారు తలుపు తీసి చూస్తే గుప్పుమని పెట్రోల్.

భూమేష్‌కు రోషం వచ్చింది. "నా సీల్ మంచిగనే ఉన్నదక్కా, కావాలంటే నువ్వే సూడు!" అని సీటు మళ్లీ ఎత్తి చూపించాడు. సీల్ కొత్తదానిలానే ఉంది. పెట్రోల్ పోసే మూత నుంచి ట్యాంకులోకి పోయే రబ్బరు పైపు పాతదని అదీ మార్చాడు. నాలుగు రోజులు బాగుంది. మళ్లీ వచ్చింది. ఎండలు ముదిరేకొద్దీ వాసనా ముదిరింది. అద్దాలు మూసి ఏసీ వేస్తే తల తిరిగేది. నిజామాబాద్ ఆసుపత్రికి వారానికి రెండుసార్లు పోయే ముసలాయన కూడా ఇక వేరే కారు చూసుకుంటానన్నాడు.

"అక్కా, నువ్వు టీచర్వు" అన్నాడు భూమేష్ చివరికి. "అటెండెన్స్ ఏస్తవు కదా, దీనికి గూడ ఏయి. ఏ రోజు వస్తుంది, ఏ రోజు వస్తలేదు. రెండు వారాలు రాసి పట్కరా."

రాశాను. వంటింట్లో క్యాలెండర్ మీద రోజూ పొద్దునా సాయంత్రం కారు తలుపు తీసి, వాసన చూసి, వస్తే ఒక చుక్క, గాఢంగా వస్తే రెండు చుక్కలు. పక్కింటి ముత్తవ్వ చూసి, "ఏందే సుకన్యా, కారుకు ముద్దు పెడ్తున్నవా?" అని ఒకటే నవ్వు. రెండు వారాల తర్వాత చూస్తే చుక్కలు ముగ్గు వేసినట్టు వరుసలో ఉన్నాయి. గురువారం సాయంత్రం రెండు చుక్కలు. శుక్రవారం రెండు. శనివారం ఒకటి. ఆదివారం నుంచి బుధవారం దాకా ఏమీ లేదు.

భూమేష్ క్యాలెండర్ చూసి తల గోక్కున్నాడు. "బేస్తారం ఏం చేస్తవన్నా?"

"పెట్రోల్ పోయిస్త" అన్నాడు మా ఆయన.

"ఏడ?"

"సాలూర బ్రిడ్జి అవతల. బిలోలి దగ్గర. మనకన్న మూడు రూపాలు తక్కువ."

అందులో వింతేమీ లేదు. బోధన్‌లో బండి ఉన్నవాళ్లలో సగం మంది వంతెన దాటి మహారాష్ట్రలోనే పోయించుకొస్తారు. ఆయన నోట బిలోలి పేరు వచ్చినందుకు తలెత్తి చూశాను, అంతే. ఆ ఊరి పేరు మా ఇంట్లో ఎవరం అనం.

"అందరు పోయిస్తరు. అందరి కార్లు కంపు కొడ్తలేవు కదా" అంటూ భూమేష్ మళ్లీ కారు కింద దూరాడు. ఈసారి ట్యాంకు పక్కనున్న నల్లటి డబ్బా ఒకటి విప్పి బయటికి తీశాడు. చేతిలో ఊపాడు. లోపల గళగళమంది. వంచితే సన్నటి ధారగా పెట్రోల్ కారింది.

"సూడక్కా. దీన్ల బొగ్గు ఉంటది. ట్యాంకుల లేసే ఆవిరిని ఈ బొగ్గు పీల్సుకుంటది, బయిటికి వాసన రానియ్యది. ఇది ఆవిరి పీల్సాలె గానీ పెట్రోల్ తాగద్దు. గిది మెడదాక తాగింది." లేచి నిలబడి మా ఆయన వైపు తిరిగాడు. "అన్నా, నాజిల్ టక్కుమని ఆగినంక గూడ పోయిస్తున్నవా?"

మా ఆయన వంగి చెప్పు సర్దుకున్నాడు.

"ఒక చుక్క, రెండు చుక్కలు కాదు. రెండు మూడు లీటర్లు ఎక్కువ పట్టిస్తున్నవు. అది పోయి పోయి దీన్లకు వస్తుంది. మేము సీల్లు, పైపులు మార్సుకుంట కూసున్నం! కొత్త డబ్బా ఏస్త. టక్కుమన్నంక ఆపెయ్. గంతే. ఇగ వాసన లేదు, ఏం లేదు."

"అట్లనే" అన్నాడు మా ఆయన, చిన్నపిల్లవాడిలా.

తరువాతి గురువారం గడిచింది. శుక్రవారం పొద్దున ఆయన వాకిట్లో కారు కడుగుతున్నాడు. నేను వెనక తలుపు తీశాను. మళ్లీ గుప్పుమంది.

నా ఒళ్లు మండింది. "చిలక్కు చెప్పినట్టు చెప్పిండు కదయ్యా భూమేష్! కొత్త డబ్బా ఏసి వారం కాలే. టక్కుమనంగనే ఆపుమంటే నీకేం కష్టం?"

"టక్కుమనంగనే ఆపితే జల్ది అయిపోతది" అన్నాడు.

"అయిపోతే ఏంది?"

గుడ్డను బకెట్లో ముంచాడు. పిండాడు. పిండిందాన్నే మళ్లీ ముంచాడు.

"అయిపోతే ఏందయ్యా? తొందరగ ఇంటికొస్తవు."

"అయిపోతే బండి తీయమంటరు" అన్నాడు. "ఆడ నిలబడితే ఎదురుంగ దుకాణం కనబడ్తది."

ఏ దుకాణమని నేను అడగలేదు. తెరిచిన తలుపులోంచి వెనక సీటు మీద కూలబడ్డాను. ఆ వాసనలోనే కూర్చున్నాను, కక్కు కూడా రాలేదు. గజానన్‌కు సెల్‌ఫోన్ల దుకాణం ఉందని రెండేళ్ల కిందటే విన్నాం. అది బంకు ఎదురుగానే ఉందని నాకేం తెలుసు?

"ఎన్నాళ్ల సంది?"

"దసరా ఎల్లినంక. బేస్తారం ఆ పోరడు సామానుకు నాందేడ్ పోతడు. దుకాణంల ఇదొక్కతే ఉంటది." చెయ్యి తుడుచుకున్నాడు. "ఉత్తగ రోడ్డు మీద బండి ఆపితే ఎవలన్న అడుగుతరు. పెట్రోల్ పోయిస్తుంటే ఎవలడుగుతరు?"

"ఎట్లున్నది?"

"బక్కగైంది." బకెట్ పక్కకు జరిపాడు. "నడుమ రెండు నెలలు కనబడలే. శివరాత్రి సంది ఒళ్లె పిల్ల ఉంటున్నది."

"ఎవల పిల్ల?"

ఆయన నా వైపు చూశాడు. ఆ చూపుతో నాకు అర్థమైంది.

"రుచిత బాపూ!" అని అరిచాను. రెండేళ్ల తర్వాత నా నోట ఆ పిలుపు వచ్చింది. ముత్తవ్వ గోడ మీంచి తొంగి చూసి, నా మొహం చూసి, తల లోపలికి లాక్కుంది. "నా బిడ్డకు బిడ్డ పుడితే నాకు సెప్పవా? నువ్వేమో వారం వారం కండ్లనిండ సూసొస్తివి. నేను ఊరోళ్ల పిల్లలను తూసుకుంట కూసుంటి! నువ్వు మనిషివేనా?"

ఆయన తల వంచుకుని నిలబడ్డాడు. తిట్టిన కొద్దీ తిట్లు వచ్చాయి. ఆ తిట్ల మధ్యలోనే అడగకుండా ఉండలేకపోయాను.

"పాపనా, బాబా?"

"పాపనే అనుకుంట. ఒకపారి గులాబి గౌను ఏసింది."

"ఎంత బరువుంటది?"

"రోడ్డు ఇవతల నిలబడి సూస్తే బరువెట్ల తెలుస్తదే?"

"మెడ నిలబెడ్తుందా?"

"ఆఁ. నిన్న ఒళ్లె కూసున్నది గూడ. నా దిక్కే సూస్తది" అన్నాడు. ఆయన చెంపలు అట్లా తడవడం నేను ఫ్యాక్టరీ మూతబడ్డ రోజు కూడా చూడలేదు.

ఒడిలో కూర్చుంటుందంటే అయిదో నెల, ఆరో నెల. అమ్మమ్మనై అన్నాళ్లయింది, నాకు తెలియదు. ఆయన మీద కోపం కన్నా ఈర్ష్యే ఎక్కువ కలిగింది, దాచుకోవడం ఎందుకు. నాకు ఒక్క గురువారమైనా ఇవ్వలేదు కదా అనిపించింది.

"మరి దిగి పోరాదా? పలకరియ్యరాదా?"

"ఒట్టు పెట్టిచ్చిందే నేను. ఏ మొహం పెట్టుకోని పోవాలె?"

"వచ్చే బేస్తారం నేనొస్త."

"సుకన్యా, ఒట్టు..."

"గడప తొక్కొద్దన్నవు. తొక్క. బంకుల కూసుంట, నీ లెక్కనే సూస్త. గంతే."

ఆ ఆరు రోజులు ఎట్లా గడిచాయో నాకే తెలుసు. సెంటర్‌కు ఎండాకాలం సెలవులు, చెయ్యడానికి పని లేదు. మామిడికాయ తొక్కు నూరాను. రుచితకు అన్నంలోకి అది ఉంటే చాలు, కూర అడగదు. ఉప్పు సరిపోయిందో లేదో పదిసార్లు నాలుక మీద వేసుకుని చూశాను. గాజు సీసాలో పెట్టి, మూతకు గుడ్డ కట్టి, ఎట్లా ఇస్తానో తెలియకుండానే గురువారం పొద్దున ఒళ్లో పెట్టుకుని కారెక్కాను.

సాలూర దాటాక మంజీరలో నీళ్లు లేవు, ఇసుకే. వంతెన అవతల బోర్డులన్నీ మరాఠీ. ఇద్దరం సంబంధం చూడబోతున్నవాళ్లలా బిగుసుకుని కూర్చున్నాం.

బంకులోకి తిప్పగానే పెట్రోల్ పోసే మనిషి నవ్వుతూ ఎదురొచ్చాడు. నడివయసువాడు, మా ఆయనకు బాగా అలవాటైనట్టే ఉన్నాడు. "యా కాకా! ఆజ్ కాకూ పణ్?" అన్నాడు నన్ను చూసి, ఇవాళ భార్య కూడా వచ్చిందా అన్నట్టు. తర్వాత నాకు అర్థం కావాలని వచ్చీరాని తెలుగులో, "కాకాకు ఫుల్ అంటే ఫుల్ కాదు. ఇంకా, ఇంకా అంటడు" అన్నాడు.

మా ఆయన ఇంజన్ ఆపి, దిగి, నాజిల్ పక్కన నిలబడ్డాడు. నేను అద్దంలోంచి రోడ్డు అవతలికి చూశాను.

చిన్న దుకాణం. షట్టర్ ముందు ఆకుపచ్చ పరదా నీడ. ఆ నీడలో ప్లాస్టిక్ కుర్చీ. కుర్చీలో నా బిడ్డ. నిజంగానే బక్కగైంది. జుట్టు మెడ దగ్గర ముడేసుకుంది, తల వంచుకుని ఉంది. ఒళ్లో పిల్ల. పిల్ల మొహం మాత్రం రోడ్డు వైపు ఉంది, నేరుగా మా వైపు.

నాజిల్ టక్కుమంది.

"ఇంకొంచెం" అన్నాడు మా ఆయన. ఆయన కళ్లు మీటర్ మీద లేవు.

మళ్లీ టక్కుమంది. "ఇంకొంచెం పొయ్యి తమ్మీ." ఆ గొంతు బతిమాలుతున్నట్టు ఉంది. వెనక ట్రాక్టర్‌వాడు హారన్ కొట్టాడు.

చూసి రావడానికే వచ్చాను. ఒట్టు తప్పొద్దనే అనుకున్నాను. కానీ ఆ పిల్ల ఆవలించింది. అంత దూరం నుంచి ఆ ఆవలింత కనిపించింది. తొక్కు సీసా సీటు మీదనే వదిలేసి దిగాను. వెనక నుంచి "ఓయ్" అన్న కేక వినిపించింది. నేను తిరిగి చూడలేదు. ఇసుక లారీ ఒకటి పోయేదాకా ఆగి, రోడ్డు దాటాను. గడప తొక్కలేదు. పరదా నీడ అంచున, రోడ్డు మీదనే నిలబడ్డాను.

"అవ్వా" అంది రుచిత. తల ఎత్తలేదు.

లేచి మెడ మీద పడుతుందనుకున్నాను. కనీసం మొహం చూపిస్తుందనుకున్నాను. "కోపమా బిడ్డా? రెండేండ్లు రాలేదని కోపమా? తిట్టు. తలెత్తి తిట్టు" అన్నాను.

"కోపం కాదే." కన్నీళ్లు జారి పిల్ల నెత్తి మీద పడుతున్నాయి, అయినా తల వంచుకునే ఉంది. "బాపు ఇటే సూస్తుండా?"

"సూస్తున్నడు."

"నాకు మొదటి రోజే ఎరుకైందవ్వా. మన బండి నాకు ఎరుక కాదా? వారం వారం వస్తడు, సూస్తడు, పోతడు. హోలీ దాటినంక ఒకపారి ఉండలేక తలెత్తి సూసిన. బాపు కండ్లల్ల కండ్లు పడ్డయి. గంతే, బండెక్కి పోయిండు. మూడు వారాలు రాలే. ఇగ రాడేమో అని ఎంత ఏడ్సిన్నో నాకెరుక. మల్ల వచ్చినప్పటి సంది తలే ఎత్తుతలేను. సూస్తలేనని అనుకోని సూసుకుంటడు కదా అని. పిల్లను మాత్రం అటు తిప్పి కూసోపెడ్త."

భూమేష్ సీల్ మార్చిన మూడు వారాలు అవే. నేను అరికాళ్లకు ఉల్లిగడ్డ రసం రాసిన మూడు వారాలు. బాపు ఎక్కడ చూస్తాడోనని బిడ్డా, బిడ్డ ఎక్కడ చూస్తుందోనని బాపూ. మధ్యలో ఒక తారు రోడ్డు.

"ఇయ్యాల తలెత్తొచ్చానే అవ్వా? ఎత్తితే మల్ల పోతడేమో."

నేను వెనక్కి తిరిగి చూశాను. నాజిల్ తీసేశారు. ట్రాక్టర్‌వాడు హారన్ మీద నుంచి చెయ్యి తీయడం లేదు. బంకు మనిషి బండి తియ్యమని చేతులూపుతున్నాడు. మా ఆయన డ్రైవర్ సీట్లో కూర్చుని కిందికి వంగి, స్టీరింగ్ దగ్గరా కాళ్ల దగ్గరా ఏదో వెతుక్కుంటున్నాడు. తర్వాత వెతకడం ఆపి నా వైపు చూశాడు.

"ఎత్తు బిడ్డా" అన్నాను. "యాడికి పోతడు? బండి తాళంచెవి నేను తీసుకునే దిగిన."

పిడికిలి విప్పి చూపించాను. రుచిత ముందు నా అరచేతిని చూసింది. తర్వాత తల పూర్తిగా ఎత్తి, రోడ్డు అవతలికి చూసింది. కారు తలుపు తెరుచుకుంది. ఆయన దిగాడు.